ఏడీహెచ్‌డీ మందు పనిచేస్తోందా, పడటం లేదా? ఇంట్లో లెక్క తేల్చుకునే పద్ధతి

ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేక ఇబ్బందిపడే పిల్లలకు ఏడీహెచ్‌డీ అని తేల్చి, మందు చీటీ రాసిచ్చి డాక్టరు గారు "నెల తర్వాత కనిపించండి" అంటారు. నెల తర్వాత వెళ్ళి కూర్చున్నప్పుడు చాలామంది తల్లిదండ్రులు చెప్పే మాట ఒకటే: "పర్లేదండీ, కొంచెం నయమే, కాకపోతే అన్నం సరిగ్గా తినట్లేదు." డోసు పెంచాలా, తగ్గించాలా, మందే మార్చాలా అన్నది ఆ ఒక్క ముక్క మీద తేల్చాల్సి వస్తుంది. అంతకన్నా గట్టి సమాచారం పట్టుకెళ్ళడానికి వంద పేజీల నోటుబుక్కు, బరువు తూచే మిషను, గోడ గడియారం చాలు.

ముందుగా ఒక సంగతి. ఈ మందులు గడియారాన్ని బట్టి నడుస్తాయి. ఏ గంటకు మింగాడు, ఏ గంటకు ఎక్కింది, ఏ గంటకు దిగింది అన్నది చూడకుండా "పనిచేస్తోంది", "పడట్లేదు" అంటే ఆ రెండు మాటలకూ అర్థం ఉండదు. పొద్దున ఏడున్నరకు వేసిన, ఎక్కువసేపు ఉండే రకం బిళ్ళ స్కూల్లో ఉన్నంతసేపు పనిచేసి, పిల్లాడు ఇల్లు చేరేసరికి దిగిపోతుంది. మందు ఎక్కిన పిల్లాణ్ణి టీచరు చూస్తారు, దిగిపోయిన పిల్లాణ్ణి మీరు చూస్తారు. "మందు వేసినా అదే గోల" అని అమ్మ, "బాగా మారాడు" అని టీచరు అంటున్నారంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

మందు ఎంత ముఖ్యమో, దాన్ని కనిపెట్టి చూడటమూ అంతే ముఖ్యం. అమెరికాలో 579 మంది పిల్లల మీద జరిగి 1999లో ఫలితాలు వెలువడిన ఎంటీఏ అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. నెలనెలా పిలిచి, డోసు సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లలు 14 నెలల్లో బాగా మెరుగయ్యారు. బయట తమ మామూలు డాక్టర్ల దగ్గర వైద్యం పొందిన పిల్లల్లోనూ దాదాపు మూడింట రెండొంతుల మంది మందు వాడినవాళ్ళే. కానీ వాళ్ళ డోసులు తక్కువ, డాక్టరుకు చూపించడం ఏడాదికి ఒకటి రెండుసార్లే. వాళ్ళకు అంత మెరుగు రాలేదు.

ఈ పద్ధతి ఆరేళ్ళు నిండి, పిల్లల మానసిక వైద్యులో పిల్లల డాక్టరో పరీక్షించి మందు రాసిన పిల్లల కోసం. అంతకన్నా చిన్నవాళ్ళకైతే మొదట తల్లిదండ్రులకిచ్చే శిక్షణతోనే మొదలుపెడతారు. డోసు మార్చడం, మందు ఆపడం డాక్టరు చేతిలో పని. నోటుబుక్కు ఆ నిర్ణయానికి సాయపడేది మాత్రమే.

మీ చీటీలో ఉన్నది ఏ రకం?

చీటీ తీసి పేరు చూడండి. మన దగ్గర ఎక్కువగా రాసేవి మూడు.

మిథైల్‌ఫెనిడేట్. ఇందులో మళ్ళీ రెండు రకాలు. మామూలు బిళ్ళ అరగంటలో ఎక్కి మూడు నాలుగు గంటల్లో దిగుతుంది. నిదానంగా విడుదలయ్యే రకం, అంటే పేరు పక్కన ఈఆర్, ఎస్ఆర్ లాంటి అక్షరాలున్నది, కంపెనీని బట్టి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటుంది. మామూలు రకాన్ని సాధారణంగా 5 మి.గ్రా. నుంచి మొదలుపెట్టి వారానికి 5 నుంచి 10 మి.గ్రా. చొప్పున పెంచుతారు. రోజుకు 60 మి.గ్రా. దాటనివ్వరు. నిదానంగా విడుదలయ్యే బిళ్ళను నూరకూడదు, నమలకూడదు, డాక్టరు చెప్పనిదే విరవకూడదు. విరిస్తే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. ఈ రకం బిళ్ళల్లో ఒకదాని ఖాళీ పెంకు విరేచనంలో కనిపిస్తుంది. మందు అరగలేదని కంగారు పడకండి, లోపలి మందు అప్పటికే ఒంట్లోకి వెళ్ళిపోయింది.

ఆటమాక్సెటిన్. ఇది గంటల్లో కాదు, వారాల్లో పనిచేసేది. నాలుగు నుంచి ఆరు వారాలకు తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి పన్నెండు వారాలు పట్టొచ్చు. బరువును బట్టి లెక్క: కిలోకు సుమారు 0.5 మి.గ్రా.తో మొదలుపెట్టి 1.2 మి.గ్రా. దాకా తీసుకెళతారు. అంటే 24 కిలోల పిల్లాడికి మొదట 10, ఆ తర్వాత 25 మి.గ్రా. దగ్గర ఆగుతుంది. పది రోజులకే "ఏం లాభం లేదు" అని మానేయడం ఈ మందు విషయంలో తరచూ జరిగే పొరపాటు. క్యాప్సూల్ అయితే విప్పి పొడి కలపొద్దు. ఆ పొడి కళ్ళకు తగిలితే మంట పుడుతుంది.

క్లోనిడిన్. నిజానికి ఇది బీపీ మందు. నిద్ర పట్టకపోవడం, చిరాకు, టిక్స్ (తనకు తెలియకుండానే కళ్ళు ఆర్పడం, భుజం ఎగరేయడం లాంటివి) ఉన్నప్పుడు విడిగానో తోడుగానో రాస్తారు. మత్తుగా ఉంటుంది, బీపీ తగ్గుతుంది. దీన్ని ఎప్పుడూ ఉన్నపళంగా ఆపకూడదు, ఆపితే బీపీ ఎగబాకుతుంది. ఊరెళ్ళేటప్పుడు మరిచిపోకూడని మందు ఇదే. వాంతులై బిళ్ళ లోపల నిలవకపోతే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.

మొదటి అడుగు: బిళ్ళ వేయకముందు ఒక వారం రాయండి

ఈ అడుగును దాటేసేవాళ్ళే ఎక్కువ, తర్వాత బాధపడేదీ వాళ్ళే. మందు మొదలయ్యాక "రాత్రి పదిన్నరైనా నిద్రపోవట్లేదు" అనిపిస్తుంది. అంతకుముందు ఎన్నింటికి పడుకునేవాడో గుర్తుండదు. తలనొప్పి, కడుపునొప్పి, గోళ్ళు కొరకడం, కళ్ళు టపటపా ఆర్పడం మందుకు ముందు ఎంత ఉండేవో రాసి లేకపోతే ప్రతిదీ మందు ఖాతాలోనే పడుతుంది.

ఆ వారంలో రాయాల్సినవి: పొద్దున ఖాళీ కడుపుతో బరువు, గోడకు ఆనించి కొలిచిన ఎత్తు, పడుకున్న టైము, నిద్రపట్టిన టైము, లంచ్ బాక్సు ఎంత ఖాళీ అయింది, తలనొప్పి కడుపునొప్పి ఎన్ని రోజులు, కళ్ళు ఆర్పడం, భుజం ఎగరేయడం, గొంతు సవరించుకోవడం లాంటివి. బీపీ, పల్స్ క్లినిక్‌లో చూపించి అంకెలు రాయించుకోండి. పల్స్ మీరే చూడాలంటే పిల్లాడు అయిదు నిమిషాలు కూర్చున్నాక మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి నిండా ఒక నిమిషం లెక్కించండి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తేడా వస్తుంది.

డాక్టరు అడిగినా అడక్కపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. పిల్లాడు పరుగెత్తుతూ ఎప్పుడైనా స్పృహ తప్పాడా? గుండెదడ అన్నాడా? పుట్టుకతో గుండెలో లోపం ఉందా? ఇంట్లో నలభై ఏళ్ళలోపు ఎవరైనా హఠాత్తుగా గుండె ఆగి పోయారా? మేనమామది "నిద్దట్లోనే పోయాడు" అని పెద్దవాళ్ళు చెప్పుకునే మరణమైనా సరే, చెప్పండి. అందరికీ ఈసీజీ అక్కర్లేదు. వీటిలో ఏదైనా ఉంటే మాత్రం బిళ్ళకు ముందే గుండె డాక్టరు చూడాలి. మూర్ఛ, ఆస్తమా, వాడుతున్న ఇతర మందులు కూడా చెప్పాలి. ముక్కు కారడానికి వాడే సిరప్పుల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. ఈ బిళ్ళతో కలిస్తే బీపీ, దడ పెరిగే అవకాశం ఉంది కాబట్టి జలుబుకి మీ అంతట మీరు సిరప్ కొనకండి.

రెండో అడుగు: మూడు పనులు ఎంచుకోండి, "బాగుపడాలి" అని రాయకండి

"చదువులో బాగుండాలి", "చెప్పిన మాట వినాలి" అన్నవాటిని కొలవలేం. లెక్కపెట్టగలిగేవి మూడే మూడు ఎంచుకోండి. ఉదాహరణకు: బోర్డు మీద ఉన్నది డైరీలో పూర్తిగా రాసుకున్న రోజులు వారానికి ఎన్ని, హోంవర్కు మధ్యలో ఎన్నిసార్లు లేచాడు, స్కూల్లో కొట్లాటలు ఎన్ని. ఒకటి పిల్లాడి చేతే ఎంచుకోనివ్వండి. "క్రికెట్లో నన్ను జట్టులోకి తీసుకోవట్లేదు" అన్నాడంటే అదీ లెక్కలోకి వచ్చేదే. వాడి వంతు రాకముందే బ్యాటు లాక్కోవడం తగ్గిందా అని చూడొచ్చు.

మార్కులను ఈ మూడింటిలో పెట్టకండి. మందు కూర్చోబెడుతుంది, చూపు నిలుపుతుంది. రెండేళ్ళుగా వదిలేసిన ఎక్కాలు, గుణింతాలు బిళ్ళతో రావు. మందు బాగా పనిచేస్తున్నా చదవడం రాయడం ముందుకు సాగట్లేదంటే, అభ్యసన లోపం కూడా ఉందేమో విడిగా పరీక్ష చేయించాలి. ఈ రెండూ కలిసి ఉండటం మామూలే.

క్లాస్ టీచరుతో మాట్లాడండి. పెద్ద ఫారం చేతిలో పెడితే నింపే తీరిక వాళ్ళకు ఉండదు. డైరీలో రోజుకొక అంకె చాలు: ధ్యాసకు 0 అంటే ఇబ్బందే లేదు, 3 అంటే పొద్దుటి నుంచీ ఇబ్బందే. మధ్యాహ్నం ముందు ఒక అంకె, తర్వాత ఒక అంకె రాయమంటే ఇంకా మంచిది. మందు ఎప్పుడు దిగిపోతోందో ఆ రెండు అంకెల మధ్య తేడాయే చెబుతుంది. ఏడీహెచ్‌డీ లక్షణాలను అంకెల్లో కొలిచే వాండర్‌బిల్ట్ లేదా స్నాప్ ప్రశ్నావళి డాక్టరు ఇస్తే మొదట ఒకసారి, డోసు కుదిరాక ఒకసారి నింపండి. అందులోనూ ప్రతి లక్షణానికి 0 నుంచి 3 దాకానే ఉంటాయి.

మూడో అడుగు: రోజుకొక వరుస

పేజీ ఇలా ఉంటుంది:

సోమ. బిళ్ళ 7:35. టిఫిను పూర్తిగా. బాక్సు సగం. టీచరు 1, 2. ఇంటికి 4:40. 5:10కి పెన్సిలు విరిగిందని ఏడుపు, 20 నిమిషాలు. హోంవర్కు 6:15–7:00, 3 సార్లు లేచాడు. రాత్రి తిండి బాగా. పక్క 9:45, నిద్ర 10:20.

రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. "ఈ రోజు బాగా సతాయించాడు" అని మాత్రం రాయకండి. సతాయించింది ఎన్నింటికో రాయండి. మొదటి బిళ్ళ శనివారమో ఆదివారమో వేయించగలరా అని డాక్టరును అడగండి. పిల్లాడు కళ్ళెదురుగా ఉంటాడు కాబట్టి ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది మీకే తెలుస్తుంది.

డోసు మారుతున్న వారాల్లో ఇంకేదీ మార్చకండి. కొత్త ట్యూషన్, కొత్త ఆయుర్వేద లేహ్యం, ఫోన్ బంద్, హాస్టల్లో చేర్చడం అన్నీ ఒకే వారం జరిగితే మంచైనా చెడైనా ఎవరి ఖాతాలో వేస్తారు?

పొద్దున బిళ్ళ మరిచిపోతే మరునాడు రెండు వేయకండి. ఎక్కువసేపు ఉండే రకమైతే మధ్యాహ్నం గుర్తొచ్చినా ఆ రోజుకు వదిలేయండి, లేకపోతే అర్ధరాత్రి దాకా మేలుకుంటాడు. వాడు మింగాడో లేదో చూసి మరీ పంపండి. "వారం నుంచీ మందు పనిచేయట్లేదు" అన్నప్పుడు మొదట బిళ్ళలు లెక్కపెట్టాలి, తర్వాత మంచం కింద చూడాలి.

నాలుగో అడుగు: సైడ్ ఎఫెక్టులను గంటలతో జతచేసి చూడండి

ఆకలి. మిథైల్‌ఫెనిడేట్‌తో ఎక్కువమంది పిల్లల్లో కనిపించేది ఇదే, ఇంట్లో గొడవంతా దీని మీదే. మందు ఎక్కి ఉన్నంతసేపు ఆకలి వేయదు. మధ్యాహ్నం బాక్సు అలాగే తిరిగొస్తుంది. అందుకని బాక్సు దగ్గర యుద్ధం చేయడం అనవసరం. అన్నం ఎక్కడ దిగుతుందో అక్కడ పెట్టండి. ముందు టిఫిను, ఆ తర్వాతే బిళ్ళ. పొద్దున రెండు ఇడ్లీలు చట్నీతో సరిపెట్టకుండా నెయ్యి వేసిన దోసె, పల్లీ చట్నీ, గుడ్డు, గ్లాసు పాలు ఇవ్వండి. బాక్సులో పెద్ద డబ్బా కూర అన్నం బదులు నాలుగు ముద్దల పెరుగన్నం, పల్లీ పట్టీ, అరటిపండు, సున్నుండ లాంటి కొద్దిపాటి, గట్టి తిండి పెట్టండి. సాయంత్రం అయిదున్నర ఆరుకి మందు దిగేసరికి విపరీతమైన ఆకలి వేస్తుంది. బిస్కెట్లు, చిప్స్ చేతికివ్వకుండా అప్పుడే ఒక భోజనం పెట్టేయండి. రాత్రి తొమ్మిదికి రాగిజావో పాలన్నమో మరో విడత. తెలుగిళ్ళలో రాత్రి భోజనం ఎనిమిదిన్నర తొమ్మిదికి కదా, అది ఇక్కడ కలిసొస్తుంది.

ఈ మార్పులు చేసినా బరువు తగ్గుతూ పోతే అది వేరే సంగతి. పదేళ్ళలోపు పిల్లల బరువు మూడు నెలలకొకసారి, ఎత్తు ఆరు నెలలకొకసారి డాక్టరు దగ్గర చార్టులో గుర్తు పెట్టించాలి. ఈ వయసులో ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు, రెండు మూడు కిలోలు పెరగడం మామూలు. ఎంటీఏ పిల్లల్లో కొత్తగా మందు మొదలుపెట్టి వాడుతూ వచ్చినవాళ్ళు మూడేళ్ళకు, మందు వాడనివాళ్ళ కన్నా సగటున 2 సెంటీమీటర్లు పొట్టిగా, 2.7 కిలోలు తక్కువగా ఉన్నారు. ఇది పెద్ద లోటేమీ కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు. ఆరు నెలలుగా బరువు ముల్లు కదలకపోతే, నిక్కరు నడుము వదులవుతుంటే అడగాల్సిందే.

సాయంత్రం ఏడుపు, చిరాకు. నాలుగున్నర అయిదు గంటల మధ్య ఏదో ఒక సాకుతో విరుచుకుపడటం, గంటలో తగ్గిపోవడం. ఇది మందు ఎక్కువై వచ్చింది కాదు, దిగుతూ వచ్చింది. దీన్ని చూసి "మందు వల్ల కోపం పెరిగింది" అని ఆపేసినవాళ్ళు ఎందరో. ఇంటికి రాగానే ముందు తిండి, తర్వాత అరగంట బయట ఆట. హోంవర్కు, ట్యూషను ఆ గంటలో పెట్టొద్దు. అప్పటికీ తగ్గకపోతే ఎక్కువసేపు ఉండే రకానికి మార్చడమో, మధ్యాహ్నం తర్వాత చిన్న డోసు జోడించడమో డాక్టరు చూస్తారు. ఆ చిన్న డోసు నిద్రను కొంత తినేయొచ్చు కాబట్టి ఏ రాత్రికి ఎంత అన్నది నోటుబుక్కులో చూసుకోవాలి.

మొద్దుబారినట్టు ఉండటం. "బొమ్మలా కూర్చుంటున్నాడు, నవ్వట్లేదు" అంటే గడియారం చూడండి. మామూలు బిళ్ళ వేసిన గంట రెండు గంటల్లో, మందు బాగా ఎక్కి ఉన్నప్పుడు ఇలా ఉంటే డోసు ఎక్కువైందని అర్థం. తగ్గిస్తే చాలామందిలో పోతుంది. మందు దిగే వేళ అయితే ముందు చెప్పిన సాయంత్రం బాపతే. క్లాసులో కిక్కురుమనకుండా ఉంటున్నాడని టీచరు మెచ్చుకున్నా సరే, పిల్లాడి చురుకు పోతే దాన్ని లాభం కింద రాయకండి. అది నష్టమే.

నిద్ర. మొదటి వారం రాసిన టైముతో పోల్చండి. అరగంట తేడాకు మందు మార్చనక్కర్లేదు. పొద్దున తొమ్మిదికి వేస్తున్న బిళ్ళను ఏడింటికి జరిపితేనే చాలాసార్లు సరిపోతుంది. మామూలు బిళ్ళలో చివరి డోసు సాయంత్రం నాలుగు దాటాక ఇవ్వకండి. రాత్రి టీ, కాఫీ, కూల్ డ్రింకులు మానిపించి, ఫోను పక్కన పెట్టించి, ఆ తర్వాత మందు సంగతి మాట్లాడండి.

తలనొప్పి, కడుపునొప్పి మొదటి ఒకటి రెండు వారాల్లో వచ్చి తగ్గుతాయి. ఖాళీ కడుపుతో బిళ్ళ వేస్తే ఎక్కువ. ఆటమాక్సెటిన్‌తో వికారం, పగటి మత్తు ఎక్కువ, రాత్రి భోజనం తర్వాత ఇవ్వమంటే చాలామందికి తేలికపడుతుంది. టిక్స్ వాటంతట అవే వారాల తరబడి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అందుకే నాలుగు రోజులు చూసి తీర్పు చెప్పకుండా నాలుగు వారాల లెక్క చూడండి.

బీపీ, పల్స్ డోసు మారిన ప్రతిసారీ, తర్వాత ఆరు నెలలకోసారి చూపించండి. కూర్చున్నప్పుడు కూడా పల్స్ 120 దాటే ఉంటే ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

వెంటనే డాక్టరు దగ్గరికి లేదా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి వేరే: ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అనడం, చచ్చిపోతా అనడం లేదా తనను తాను గాయపరచుకోవడం, కళ్ళు పచ్చబడి మూత్రం ముదురు రంగులో రావడం, మగపిల్లల్లో అంగం గంటల తరబడి నొప్పితో బిగిసి ఉండటం. చివరిదాన్ని పిల్లలు సిగ్గుతో చెప్పరు, ముందే చెప్పి ఉంచండి. ఆటమాక్సెటిన్ మొదటి నెలల్లో, డోసు మారినప్పుడు మూడ్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. ఆత్మహత్య ఆలోచనల గురించి ఆ మందు మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఉంది. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది.

అయిదో అడుగు: రెండు వైపులా పెట్టి తూచండి

ఎనిమిదేళ్ళ బాబు, 24 కిలోలు అనుకుందాం. మామూలు మిథైల్‌ఫెనిడేట్ పొద్దున 10, మధ్యాహ్నం 10 మి.గ్రా. నాలుగు వారాల నోటుబుక్కు ఇలా ఉంది. డైరీ పూర్తిగా రాసిన రోజులు వారానికి 1 నుంచి 5కి పెరిగాయి. హోంవర్కులో లేవడం 9 సార్ల నుంచి 7కి మాత్రమే తగ్గింది. స్కూల్లో కొట్లాటలు 4 నుంచి 1కి వచ్చాయి. నష్టం వైపు: బాక్సు నిండుగా తిరిగొచ్చిన రోజులు వారానికి 4, సాయంత్రం ఏడుపు 3 రోజులు, నిద్ర 25 నిమిషాలు ఆలస్యం, బరువు 23.6 కిలోలు.

దీన్ని చూసి ఏమనాలి? స్కూల్లో లాభం గట్టిగా ఉంది. హోంవర్కులో లాభం లేకపోవడానికి కారణం మందు చేతకానితనం కాదు, ఆ టైముకు మందు ఒంట్లోనే లేదు. ఏడుపు కూడా అదే కథ. 400 గ్రాములు తగ్గడం మొదటి నెలలో కనిపించేదే, అయినా తిండి టైములు మార్చి మళ్ళీ తూచాలి. అంటే ఇక్కడ "ఆపేద్దామా?" అన్న ప్రశ్నే తప్పు. "సాయంత్రం దాకా ఉండే రకం ఈ పిల్లాడికి పనికొస్తుందా? దానివల్ల రాత్రి తిండి, నిద్ర దెబ్బతింటాయా?" అన్నది అసలు ప్రశ్న.

అదే నోటుబుక్కులో డైరీ 1 నుంచి 2కే పెరిగి, బాబు మధ్యాహ్నమంతా ముడుచుకు కూర్చుంటే తూకం నష్టం వైపు వాలినట్టే. డోసు సరిపోయేంతగా ఉండి కూడా లాభం రాకపోతే మందు మార్చడం సహజం. మొదట వాడిన ఉత్తేజక మందు (మిథైల్‌ఫెనిడేట్ లాంటిది) పదిమందిలో సుమారు ఏడుగురికి పనిచేస్తుంది, మిగతావాళ్ళకు వేరేది వెతకాలి. అది మీ పెంపకంలో లోపమేమీ కాదు.

ఇంకా సందేహంగా ఉంటే మిథైల్‌ఫెనిడేట్ విషయంలో ఒక చక్కని పరీక్ష ఉంది. డాక్టరు ఒప్పుకుంటే రెండు వారాల్లో కొన్ని రోజులు మందు ఇచ్చి కొన్ని రోజులు ఇవ్వకండి, ఏ రోజు ఏదో టీచరుకు చెప్పకండి. ఆమె వేసిన అంకెలను తర్వాత మీ నోటుబుక్కుతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆటమాక్సెటిన్, క్లోనిడిన్‌లతో ఈ పని చేయకూడదు.

తూకంలో పిల్లాడి మాటకూ చోటివ్వండి. "బిళ్ళ వేసుకుంటే ఎలా ఉంటుంది?" అని అడిగితే "బాగానే" అంటారు. "బిళ్ళ వేసుకున్న రోజు ఏ పీరియడ్ తేలిగ్గా గడిచింది? ఏది బాలేదు?" అని అడగండి, జవాబు వస్తుంది. ఈ బిళ్ళ ఎందుకో కూడా వాడికి చెప్పాలి. బలం బిళ్ళ అని అబద్ధం చెబితే పన్నెండేళ్ళకు ఇంటర్నెట్‌లో పేరు చూసుకుని మింగడం మానేస్తాడు.

"మత్తుమందు అలవాటు చేస్తున్నారు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటకు జవాబు: చెప్పిన డోసులో నోటితో వేసుకునే పిల్లల్లో దీనికి బానిసవడం కనిపించదు, పెద్దయ్యాక వ్యసనాలు పెరిగినట్టూ అధ్యయనాల్లో తేలలేదు. అయితే పరీక్షల ముందు మేలుకోవడానికి వేరేవాళ్ళు అడిగి వాడే ప్రమాదం ఉంది. ఇంటర్ చదివే అన్నయ్య ఉన్న ఇంట్లో, హాస్టల్లో బిళ్ళలు తాళం వేసిన చోటే ఉండాలి.

సెలవులు, ఏడాదికోసారి పరీక్ష

ఏప్రిల్ చివర మొదలై జూన్ దాకా ఉండే వేసవి సెలవుల్లో మిథైల్‌ఫెనిడేట్ ఆపొచ్చా అని డాక్టరును అడగండి. బరువు, ఎత్తు వెనకబడ్డ పిల్లలకు ఇది మంచి విరామం. రోడ్డు మీదికి దూకే, చెరువు గట్టున ఆగని పిల్లలకు మాత్రం సెలవుల్లోనే మందు ఎక్కువ అవసరం కావొచ్చు. ఏడాదికి ఒకసారైనా "ఇంకా కావాలా?" అని ఆపి చూడాలి. దానికి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం, పరీక్షల నెల రెండూ పనికిరావు. ఆగస్టులో పాఠాలు గాడిన పడ్డాక చూడటం నయం.

మందు తెచ్చుకోవడం

మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. దీనికి ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపులోనే దొరుకుతుంది, చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపువాళ్ళు రెండేళ్ళు దాచాలి. అందుకే వీధి చివరి మెడికల్ షాపులో "అలాంటిది రాదండీ" అంటారు. మీ డాక్టరు దగ్గరే ఏ షాపులో ఉంటుందో అడిగి, వారం బిళ్ళలు మిగిలి ఉండగానే వెళ్ళండి. స్టాకు లేదని షాపతను వేరే కంపెనీది ఇస్తే అది మామూలు రకమా, నిదానంగా విడుదలయ్యేదా చూసుకోండి. రెండింటి మీదా 10 అనే రాసి ఉన్నా రోజంతటి లెక్క తలకిందులవుతుంది. అమెరికా నుంచి తిరిగొచ్చే కుటుంబాలు అక్కడి పిల్లల చీటీల్లో ఉండే ఆడరాల్ అనే ఏడీహెచ్‌డీ మందు ఇక్కడి షాపుల్లో దొరకదని గుర్తుంచుకుని, బయల్దేరకముందే మార్పు గురించి అక్కడి డాక్టరుతో మాట్లాడాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు బిళ్ళ వేసే తీసుకెళ్ళండి, ఎన్నింటికి వేశారో చెప్పండి. మందు వేశాక పదకొండింటికి చూసిన పల్స్‌కూ, మందు వేయకుండా తీసుకెళ్ళి చూపించిన పల్స్‌కూ పోలిక ఉండదు. నోటుబుక్కు మొత్తం చదివే తీరిక ఓపీలో ఉండదు కాబట్టి చివరి పేజీలో అయిదు వరుసలు విడిగా రాయండి: బరువు, ఎత్తు, మూడు పనుల అంకెలు ముందూ తర్వాతా, వేధిస్తున్న సైడ్ ఎఫెక్టు ఒక్కటి, అది వచ్చే టైము.